జౌగడ బండ మీద లేని పశ్చాత్తాపం

కళింగ యుద్ధం మీద ఒక తెలుగు పాడ్‌కాస్ట్ విన్న మా మేనకోడలు బరంపురం నుంచి ఒక ప్రశ్న పంపింది: "మామయ్యా, అశోకుడి పశ్చాత్తాపం మన కళింగ బండల మీద లేనే లేదట. బడిలో చదివిందంతా కట్టుకథేనా?"

కట్టుకథ కాదు. లక్షన్నర మందిని చెరపట్టామనీ, లక్ష మంది హతులయ్యారనీ, అందుకు రాజు దుఃఖిస్తున్నాడనీ చెప్పేది అశోకుడి పద్నాలుగు శిలాశాసనాల వరుసలో పదమూడవది. అది గుజరాత్‌లోని గిర్నార్‌లోనూ, ఉత్తరాఖండ్‌లోని కాల్సీలోనూ, కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ ఉంది. భువనేశ్వర్ దగ్గరి ధౌలిలోనూ, మన గంజాం జిల్లా జౌగడలోనూ మాత్రం పదకొండు నుంచి పదమూడు వరకు శాసనాలను వదిలేసి, వాటికి బదులు అధికారులను ఉద్దేశించిన రెండు ప్రత్యేక శాసనాలను చెక్కించారు. ఓడినవారి ముంగిట ఆ లెక్క చదివి వినిపించడం పాలకులకు ఇబ్బంది అనిపించి ఉంటుందని పండితుల ఊహ. నాకూ అది సబబుగానే తోస్తుంది.

పాడ్‌కాస్ట్ ఇంతవరకు బాగానే చెప్పింది. అయితే యుద్ధం "క్రీ.పూ. 261లో జరిగింది" అని పంచాంగం చూసినంత ధీమాగా చెప్పి, ఆ అంకె ఎక్కడిదో చెప్పకుండా ముందుకు సాగిపోయింది. నన్ను అడిగితే అసలు రుచి ఉన్నది అక్కడే.

ఇంట్లో తేదీ వేయని పెళ్లి ఫొటో ఒకటి ఉందనుకోండి. అందులో తాతగారు ఉన్నారు కనుక అది ఆయన పోకముందు తీసినది. చిన్నత్త చంకలో బిడ్డ ఉన్నాడు కనుక ఆ బిడ్డ పుట్టాక తీసినది. ఫొటోలోని వారిలో అందరికన్నా ఆలస్యంగా వచ్చినవారూ, అందరికన్నా ముందుగా పోయినవారూ తెలిస్తే చాలు, మిగిలినవారి వయసులతో పని లేదు. పదమూడవ శాసనం సరిగ్గా అటువంటి ఫొటో. అందులో ఐదుగురు గ్రీకు రాజులు కనిపిస్తారు: అంతియోక, తురమయ, అంతికిని, మక, అలికసుదర. చివరివాడు గ్రీకు రాజ్యమైన ఎపిరస్ రాజా, గ్రీకు నగరమైన కోరింత్ పాలకుడా అన్న వివాదం ఉంది కనుక అతణ్ణి పక్కన పెడదాం. అంతియోకుణ్ణి సిరియా రాజు రెండవ అంతియోకస్‌గా తీసుకుంటే, అతను గద్దెనెక్కింది క్రీ.పూ. 261లో; అందరికన్నా ఆలస్యంగా వచ్చినవాడు అతనే. అందరికన్నా ముందు పోయినవాడు ఉత్తర ఆఫ్రికాలోని సైరీన్ రాజు మక, 250 ప్రాంతంలో. తురమయ, అంటే ఈజిప్టు టాలెమీ, 246 వరకు, అంతికిని, అంటే మాసిడోనియా అంతిగోనస్, 239 వరకు ఉన్నారు కనుక వారివల్ల మన లెక్క బిగియదు. శాసనం 261కీ 250కీ నడుమ పడిందన్నమాట.

ఇదే వరుసలోని ఐదవ శాసనం పట్టాభిషేకమైన 13 ఏళ్లకు జరిగిన నియామకాలను పేర్కొంటుంది. శాసనాలు ఆ తరువాత త్వరలోనే చెక్కారనుకుంటే, పట్టాభిషేకం 274కీ 263కీ మధ్య జరిగి ఉండాలి. పట్టాభిషేకమైన ఎనిమిదేళ్లకు కళింగను జయించానని రాజే చెప్పాడు కనుక, యుద్ధం 266కీ 255కీ మధ్య జరిగినట్టు. 261 ఈ వ్యవధికి ఇంచుమించు నడిమిన పడుతుంది. సముద్రాల అవతలి మరణవార్త పాటలీపుత్రానికి చేరడానికి పట్టే కాలాన్ని కూడా కలిపితే ఈ వ్యవధి చివరి అంచు ఇంకొంచెం సడలుతుంది.

ఆ పశ్చాత్తాపంలోనే అడవి ప్రజలకు ఒక హెచ్చరిక కూడా ఉంది: దుఃఖిస్తున్నా, శిక్షించే శక్తి రాజుకు ఉందని. పాఠ్యపుస్తకాలలో ఈ వాక్యం తరచుగా జారిపోతుంది. కొండకోనల నడుమ ఉన్న మన జిల్లాల బడులలోనైనా చెప్పవలసిన వాక్యం ఇది.

మేనకోడలికి ఒక పని అప్పగించాను. ఋషికుల్య ఒడ్డున పురుషోత్తంపూర్ దగ్గరి ఆ బండను చూసి, లిప్యంతరీకరణ ప్రతితో వరసలు పోల్చి చూడమన్నాను. పండితులు వేసిన సంఖ్యలు బండ మీద ఉండవు. కానీ పదవ శాసనం ముగిసిన తరువాత మొదలయ్యేది పద్నాలుగవది. అందులో రాజే ఒప్పుకున్నాడు: రాజ్యం పెద్దది, అన్నీ అన్నిచోట్లా కూర్చలేదు.