కారు ట్రాకర్: డబ్బు కట్టేముందు వదిలించుకోవాల్సిన అపోహలు

కోనసీమలోనూ, అటు భీమవరం, పాలకొల్లు వైపూ కారుకు ట్రాకర్ బిగించమని వచ్చేవాళ్ళు రెండు రకాలు. సొంత కారు ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని భయపడేవాళ్ళు ఒక రకం. సంక్రాంతికీ, పెళ్ళిళ్ళ సీజనుకీ బండిని సెల్ఫ్ డ్రైవుకి ఇచ్చేవాళ్ళు రెండో రకం. వీళ్ళ భయం అద్దం పగలగొట్టే దొంగ గురించి కాదు. ఆధార్ జిరాక్సు ఇచ్చి, నవ్వుతూ తాళం పట్టుకెళ్ళి, బండిని ఏ ఊళ్ళోనో తాకట్టు పెట్టేసేవాడి గురించి. ఇద్దరికీ బజారులో అమ్మేది జీపీఎస్, సిమ్ ఉండే ఒకటే పెట్టె. కొనేటప్పుడు ఇద్దరూ యాప్ ఎంత రంగులుగా ఉందో చూస్తారు. చూడాల్సింది వైరింగూ, సిమ్మూ, రెండో ఏడాది బిల్లూ.

అపోహ: ట్రాకర్ ఉంటే బండి పోదు.

పోతుంది. ట్రాకర్ తాళం కాదు. బండి కదిలిందని చెప్పడం, ఎక్కడుందో చూపించడం వరకే దాని పని. బండిని కదలనివ్వకుండా చేసేది తాళంచెవిలోని చిప్పుతో పనిచేసే ఇమ్మొబిలైజరు, స్టీరింగ్ లాక్, గేరు లాక్. పాత బండికి ఇమ్మొబిలైజరు లేకపోతే ముందు మంచి గేరు లాక్ వేయించండి, ట్రాకర్ సంగతి ఆ తర్వాత చూడొచ్చు.

ట్రాకర్ వల్ల మీకు దక్కేది సమయం. ఆ సమయం అలర్ట్ మీద ఆధారపడి ఉంటుంది. ఇంటి చుట్టూ ఓ జియోఫెన్స్ (బండి దాటితే ఫోను మోగేలా యాప్ మ్యాపులో గీసే వలయం) గీసి ఊరుకుంటారు చాలామంది. కోనసీమవాళ్ళకు ఇంతకంటే మంచి దారి ఉంది. గౌతమికీ వసిష్ఠకీ మధ్య ఉన్న ఈ నేల నుంచి కారు బయటపడాలంటే నది దాటక తప్పదు. ప్రధానమైన దారులు కొన్నే: బొబ్బర్లంక దగ్గర బ్యారేజీ, రావులపాలెం–జొన్నాడ వంతెన, సిద్ధాంతం వంతెన, చించినాడ వంతెన, ఎదుర్లంక–యానాం వంతెన. వీటికి తోడు సఖినేటిపల్లి–నర్సాపురం, కోటిపల్లి–ముక్తేశ్వరం రేవుల్లో బండ్లను దాటించే పంటులు. వీటిలో ఒక్కో చోట ఒక్కో వలయం గీయండి. అద్దెకిచ్చిన బండి అమలాపురంలో తిరిగినంతసేపూ ఫోను మోగదు, ఏరు దాటితే మోగుతుంది.

వలయం సైజు దగ్గర పొరపాటు జరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు నిమిషానికి ఒక కిలోమీటరు దాటుతుంది. పెట్టె నిమిషానికోసారి మాత్రమే లొకేషన్ పంపేలా సెట్ చేసి ఉంటే, 200 మీటర్ల వలయాన్ని బండి రెండు సిగ్నళ్ళ మధ్యలోనే దాటేస్తుంది, అలర్ట్ రాదు. 10 సెకన్లకోసారి పంపేలా పెట్టించుకుంటే రెండు సిగ్నళ్ళ మధ్య దూరం 170 మీటర్లకు తగ్గుతుంది. అప్పుడు 500 మీటర్ల వలయం సరిపోతుంది.

భీమవరం, తణుకు వైపు ఈ సౌకర్యం లేదు, ఎటు చూసినా రోడ్లే. అక్కడ ఇంటి వలయం, రాత్రిపూట ఎవరైనా తాళం తిప్పితే మోగే ఇగ్నిషన్ ఆన్ అలర్ట్ పెట్టుకోవాలి.

ఇంకో మాట. ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో యాప్‌ని నిద్రపుచ్చేస్తాయి. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆ యాప్‌కి బ్యాటరీ పరిమితి తీసేయండి. లేకపోతే రాత్రి రెండు గంటలకు బండి పోతే పొద్దున ఆరింటికి నోటిఫికేషన్ వస్తుంది.

అపోహ: మా లంకలో సిగ్నల్ ఉండదు, జీపీఎస్ పనిచేయదు.

జీపీఎస్‌కి మొబైల్ సిగ్నల్‌తో పనిలేదు. స్థానం ఉపగ్రహాల నుంచి తెలుస్తుంది, ఆ స్థానాన్ని మీ ఫోనుకి చేర్చడానికే సిమ్ కావాలి. టవరు అందని చోట మంచి పెట్టె తన మెమరీలో దాచుకుని, సిగ్నల్ రాగానే మొత్తం పంపేస్తుంది. కొనేముందు ఈ సౌకర్యం ఉందా అని అడగండి.

సిమ్ విషయంలో అసలు తేడా 2జీ, 4జీ. చవక పెట్టెల్లో ఎక్కువ 2జీవే. జియోకి 2జీ లేదు కాబట్టి ఆ పెట్టెలో జియో సిమ్ వేస్తే నిర్జీవంగా పడుంటుంది. ఇప్పుడు కొనేవాళ్ళు 4జీ పెట్టే కొనండి, 4జీ లేనిచోట 2జీకి దిగేది అయితే ఇంకా మేలు. మీ ఊళ్ళో ఏ కంపెనీ సిగ్నల్ బాగుందో మీకు తెలుసు, ఆ సిమ్మే వేయమనండి. డేటా ఖర్చు గురించి బెంగ అక్కర్లేదు. రోజుకు మూడు గంటలు తిరిగే బండి 10 సెకన్లకోసారి పంపినా నెలకు పది ఎంబీ దాటడం అరుదు.

ఉపగ్రహ సిగ్నల్‌కి కొబ్బరాకులు పెద్దగా అడ్డం కాదు. రేకుల షెడ్డు మాత్రం అడ్డం. షెడ్డులో పెట్టిన కారు పక్క చేలోకి వెళ్ళినట్టు మ్యాపులో కనిపిస్తే కంగారు పడకండి. ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు స్థానాన్ని కదలకుండా పట్టి ఉంచే సెట్టింగు ఉంటుంది, అది ఆన్ చేయించండి.

అపోహ: ట్రాకర్ బ్యాటరీని తినేస్తుంది.

కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉండి ఇంటి దగ్గర కారు వదిలేసినవాళ్ళు ఎక్కువగా ఉన్న చోట ఈ మాట బాగా వినిపిస్తుంది. సగం నిజమే, లెక్క చూద్దాం.

తాళం వేసి ఉంచిన కారు తనంతట తానే సుమారు 30 మిల్లీ ఆంపియర్లు లాగుతుందనుకోండి. రోజుకు 0.72 ఆంపియర్ గంటలు. చిన్న పెట్రోలు కారు బ్యాటరీ 35 ఆంపియర్ గంటలది. అందులో 20 ఖర్చయితే సెల్ఫ్ తిరగడం కష్టం. ట్రాకర్ లేకపోయినా ఆ పరిస్థితి 28 రోజుల్లో వస్తుంది. నిద్రపోయే స్థితిలో మంచి ట్రాకర్ 10 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటే అది 21 రోజులకు జరుగుతుంది. అంటే వారం ముందు.

అదే ట్రాకర్ నిద్రపోకుండా 60 మిల్లీ ఆంపియర్లు లాగుతూ ఉంటే తొమ్మిది రోజుల్లో బ్యాటరీ పడుకుంటుంది. ఎందుకు నిద్రపోదంటే చాలాసార్లు బిగించినవాడి నిర్వాకమే. పెట్టెకి మూడు వైర్లు: బ్యాటరీ ప్లస్, ఎర్త్, ఇగ్నిషన్. మూడోది వెతికే ఓపిక లేక దాన్ని కూడా ప్లస్‌కే కలిపేస్తారు. ఇంజను ఆపి తాళంచెవి తీసినా పెట్టె దృష్టిలో బండి ఆన్‌లోనే ఉంటుంది. పరీక్ష తేలిక: తాళంచెవి తీసేసి పది నిమిషాలాగి యాప్ చూడండి. ఇగ్నిషన్ ఆన్ అనే చూపిస్తుంటే వైరింగ్ మళ్ళీ చేయించాలి.

నెలల తరబడి బండి ఆపేవాళ్ళు బ్యాటరీ టెర్మినల్ ఊడదీస్తే ట్రాకర్ లోపలి చిన్న బ్యాటరీ మీద కొన్ని గంటలే బతుకుతుంది. వారానికోసారి అరగంట నడిపే మనిషిని చూసుకోండి, లేదా నిండగానే ఆగిపోయే ఆటోమేటిక్ ఛార్జరు పెట్టించండి.

అపోహ: ఫోనులో ఒక్క నొక్కుతో పారిపోయే దొంగను ఆపేయొచ్చు.

ఆపొచ్చు. అతనితోపాటు వెనకున్న బైకు మనిషినీ ఆపే ప్రమాదం ఉంది. కటాఫ్ రిలే (ఫోను నుంచి ఆపితే కరెంటు కోసే స్విచ్చు) పెట్రోలు పంపు లైన్లో వేస్తే, చవక పెట్టెలు మెసేజి అందిన క్షణమే కరెంటు కోసేస్తాయి. బండి వంద మీదున్నా సరే. ఇంజను ఆగితే బ్రేకు, పవర్ స్టీరింగు బిగుసుకుపోతాయి. చించినాడ వంతెన మీద అలా ఆగితే ఏమవుతుందో ఊహించుకోండి. మంచి పెట్టెలు వేగం గంటకు 20 కిలోమీటర్లలోపు దిగేదాకా ఆగి అప్పుడు కోస్తాయి.

మా సలహా: రిలేని పెట్రోలు పంపు లైన్లో కాకుండా సెల్ఫ్ (స్టార్టరు) లైన్లో వేయించండి. నడుస్తున్న బండి ఆగదు, కానీ దొంగ ఒకసారి ఆపాడంటే మళ్ళీ స్టార్టు కాదు. పుష్ బటన్ కార్లలో ఇది అందరు ఎలక్ట్రీషియన్లకూ వచ్చే పని కాదు, తెలియనివాడి చేతికి ఇవ్వకండి. వారంటీలో ఉన్న కారు అయితే వైరు కోసి వేసే ఏ పనైనా షోరూమువాడికి వంక దొరికినట్టే. రిలే మానేసి ట్రాకింగ్‌తో సరిపెట్టుకోండి.

కటాఫ్ ఉన్న పెట్టెకి పాస్‌వర్డ్ మార్చకపోవడం ఇంకా పెద్ద ప్రమాదం. 2022 జూలైలో అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీఐఎస్ఏ, మైకోడస్ ఎంవీ720 అనే ట్రాకర్‌లో లోపాలున్నాయని హెచ్చరిక ఇచ్చింది. బయటివాడు దూరం నుంచే బండి స్థానం చూసి, పెట్రోలు కూడా ఆపగలిగే లోపాలవి. ఆ పెట్టె ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ 123456. మన దగ్గర అమ్మే పెట్టెల్లో చాలావాటికీ అదే వస్తుంది. బిగించిన రోజే మార్చండి, పెట్టెదీ, యాప్‌దీ రెండూ.

అపోహ: ఎంత లోపల దాస్తే అంత భద్రం.

ఇనుము వెనక దాస్తే ఆకాశం కనపడదు, కార్పెట్ కింద దాస్తే నీళ్ళొస్తాయి. డాష్‌బోర్డు ప్లాస్టిక్ కింద, యాంటెనా వైపు పైకి ఉండేలా పెట్టాలి. గోదావరి పొంగే నెలల్లో ఏటిగట్టు దిగువన ఉండే ఊళ్ళకు సీటు కింద బిగింపు పనికిరాదు. ఇంజను దగ్గర వేడి కాబట్టి అక్కడా వద్దు.

మన డెల్టాలో పెట్టె కంటే ముందు పోయేది అతుకు. వైరుకి వైరు మెలితిప్పి నల్ల టేపు చుట్టేస్తారు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి టేపు జిగురు కారి, లోపలి రాగి మీద పచ్చగా చిలుము పడుతుంది. అప్పుడు ట్రాకర్ గతుకుల్లో ఆగుతూ, వెలుగుతూ ఉంటుంది, నింద సిమ్ మీద పడుతుంది. టంకం పెట్టి, పైన వేడికి ముడుచుకునే స్లీవు వేయమని పట్టుబట్టండి. ప్లస్ లైనులో 2 లేదా 3 ఆంపియర్ల ఫ్యూజు తప్పనిసరి.

స్టీరింగ్ కింద మెకానిక్కులు స్కానరు తగిలించే ఓబీడీ సాకెట్‌లో గుచ్చే రకానికి వైరింగ్ అక్కర్లేదు. అద్దె బండికి మాత్రం పనికిరాదు, తెలిసినవాడు రెండు సెకన్లలో లాగేస్తాడు.

అపోహ: సీటు కింద ఎయిర్‌ట్యాగ్ పడేస్తే చాలు.

ఆపిల్ అమ్మే ఆ చిన్న బిళ్ళకి జీపీఎస్ లేదు, సిమ్ లేదు. పక్కన ఎవరి ఐఫోనైనా ఉంటేనే స్థానం తెలుస్తుంది. పైగా తమతోపాటు తెలియని ట్యాగ్ ప్రయాణిస్తోందని ఐఫోన్లూ, ఆండ్రాయిడ్లూ రెండూ హెచ్చరిస్తాయి, దొంగ ఫోను కూడా. రెండో తోడుగా ఓకే.

అపోహ: ఏఐఎస్ 140 అందరికీ తప్పనిసరి. ట్రాకరుంటే ఇన్సూరెన్స్ తగ్గుతుంది.

ఏఐఎస్ 140 అనేది వాహన ట్రాకర్లకు ప్రభుత్వం పెట్టిన ప్రమాణం, ప్రధానంగా ప్రయాణికులను మోసే వాణిజ్య వాహనాలకు. సొంత కారుకి చట్టం అడగదు, అందుకోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. ఇక ఇన్సూరెన్స్ రాయితీ వాహనాల పరీక్షా సంస్థ ఏఆర్ఏఐ ఆమోదించిన దొంగతన నిరోధక పరికరానికి వస్తుంది, అదీ సొంత బండి నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ (ఓడీ) ప్రీమియంలో 2.5 శాతం, గరిష్ఠంగా 500 రూపాయలు. ఓడీ ప్రీమియం 8,000 ఉంటే మిగిలేది 200. మామూలు జీపీఎస్ పెట్టెకి అదీ రాదు.

అపోహ: లైఫ్‌టైమ్ ఫ్రీ.

ఎవరి లైఫ్‌టైమో అడగండి. సర్వరుకీ సిమ్‌కీ నెలనెలా ఎవరో ఒకరు కట్టాలి. ముందే మొత్తం తీసుకున్న షాపు మూతపడితే మీ పెట్టె మూగబోతుంది. మామూలు 4జీ పెట్టె బిగింపుతో కలిపి సుమారు రెండున్నర వేలనుకుందాం, రెండో ఏడాది నుంచి ఏటా 1,200. ఐదేళ్ళకు 7,300. నాలుగున్నర వేలకే ఐదేళ్ళూ అన్నవాడు ఎక్కడ మిగుల్చుకుంటున్నాడో చూడాలి. ఎక్కువసార్లు 2జీ పెట్టెతోనో, మధ్యలో ఆగిపోయే సిమ్‌తోనో.

ఏడాదికోసారి కట్టే పద్ధతే మేలు. కట్టేముందు బిల్లు మీద రాయించుకోవాల్సినవి: పెట్టెను గుర్తించే 15 అంకెల ఐఎంఈఐ నంబరు, సిమ్ నంబరు (యంత్రాల కోసం ఇచ్చే ఎం2ఎం సిమ్ అయితే 13 అంకెలుంటుంది), సిమ్ ఎవరి పేరున ఉంది, రెన్యువల్ తేదీ, జీఎస్టీతో కలిపి రెన్యువల్ ధర, పెట్టె వారంటీ. రేపు ఈ షాపు నచ్చకపోతే ఇదే పెట్టెను ఇంకో సర్వరుకి మార్చుకోనిస్తారా అని కూడా అడగండి. మార్చనివ్వం అంటే ధర తక్కువైనా వద్దు.

డబ్బిచ్చే ముందు అక్కడే ట్రాకర్ ఫ్యూజు పీకమనండి. నిమిషంలోపు పవర్ కట్ అలర్ట్ మీ ఫోనుకి రావాలి. రాకపోతే లోపలి బ్యాటరీ చచ్చిపోయి ఉండొచ్చు, లేదా అలర్ట్ పెట్టలేదన్నమాట. దొంగ మొదట చేసేది వైరు లాగడమే.

అపోహ: కంపెనీ ఇచ్చిన కనెక్టెడ్ ఫీచర్ ఉంది, నాకేం.

కంపెనీయే కారులో పెట్టి, యాప్‌లో బండిని చూపించే సుజుకి కనెక్ట్, హ్యుందాయ్ బ్లూలింక్ లాంటివి మంచివే. ఉచిత గడువు అయ్యాక రెన్యువల్ కట్టారా చూసుకోండి. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్ళు ఇంకోటి చూడాలి: ఆర్‌సీలో పేరు మారినంత మాత్రాన యాప్‌లో యజమాని మారడు. పాతాయన ఫోనులో మీ బండి ఇంకా కనిపిస్తూ ఉండొచ్చు. పాత ఖాతా తీయించి మీ పేర ఎక్కించమని షోరూముకి వెళ్ళి అడగండి.

అపోహ: మ్యాపులో కనిపిస్తోంది కదా, నలుగురం వెళ్ళి తెచ్చుకుందాం.

వెళ్ళకండి. 112కి ఫోను చేసి, లైవ్ లొకేషన్ లింకు, ఆర్‌సీ, ఛాసిస్, ఇంజను నంబర్లు పోలీసులకివ్వండి. ఇంజను కటాఫ్ వాళ్ళు చెప్పినప్పుడే నొక్కండి. ఎఫ్ఐఆర్ కాపీ తీసుకుని ఇన్సూరెన్స్ కంపెనీకి వెంటనే తెలపండి. క్లెయిముకి రెండు తాళంచెవులూ అడుగుతారు, రెండోది ఎక్కడుందో ఇప్పుడే వెతికి పెట్టుకోండి. దొరికిన బండి కేసు ఆస్తి అవుతుంది కాబట్టి కోర్టు ఉత్తర్వుతో విడిపించుకోవాలి. ఆ రోజు రూటు హిస్టరీని వెంటనే దించి పెట్టుకోండి, చాలా సర్వర్లు మూడు నెలలు దాటితే తుడిచేస్తాయి.