రావడానికి ఐదు గంటలు, పోవడానికి రెండున్నరేనా?

చింటూ, బుజ్జీ, తాతయ్య రాస్తున్న ఉత్తరం ఇది. మొన్న ఫోన్లో మీరడిగిన దానికి జవాబు చెప్పేలోపే మీ నానమ్మ ఫోన్ లాక్కుంది, అందుకే రాస్తున్నా.

మీరు చెప్పిన లెక్క ఏంటంటే, దుబాయ్‌లో పొద్దున 10కి ఎక్కితే హైదరాబాద్‌లో మధ్యాహ్నం 3కి దిగారు, తిరిగి వెళ్ళేటప్పుడు ఇక్కడ 10కి ఎక్కితే అక్కడ పన్నెండున్నరకే దిగారు. విమానం పోయేటప్పుడు డబుల్ స్పీడ్‌లో పోయిందా తాతయ్యా అని కదా. అస్సలు కాదు, నిజానికి ఉల్టా జరిగింది!

గడియారం సంగతి ముందు చూద్దాం. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది. మన టైము 82.5 డిగ్రీల రేఖాంశానిది, ఆ గీత మన కాకినాడ పక్కనుంచే పోతుంది. మీ దుబాయ్ టైము 60 డిగ్రీల లెక్కన పెట్టుకున్నది. తేడా 22.5, దాన్ని 15తో భాగిస్తే గంటన్నర. అంటే మీరు దుబాయ్‌లో ఎక్కినప్పుడు ఇక్కడ నా గోడ గడియారంలో పదకొండున్నర, కాబట్టి మీరు గాల్లో ఉన్నది మూడున్నర గంటలే. పోయేటప్పుడు దుబాయ్ పన్నెండున్నర అంటే మనకి 2 గంటలు, అంటే నాలుగు గంటలు పట్టింది. మీకు రెండున్నర అనిపించిందే, అదే పెద్ద ప్రయాణం.

మరి దారి ఒకటే, రెండూళ్ళ మధ్య నేరుగా 2,550 కిలోమీటర్ల చిల్లర, ఆ అరగంట ఎక్కడ పోయింది? గాలికి. పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో చలికాలంలో పడమర నుంచి తూర్పుకి గాలి గట్టిగా వీస్తుంది, దాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. గోదాట్లో పడవ ఏటివాలుగా వస్తే తెడ్డు పెద్దగా వెయ్యక్కర్లేదు, ఎదురెక్కాలంటే చేతులు పడిపోతాయి, అంతే ఇదీ. విమానం గంటకి 850 కిలోమీటర్ల స్పీడ్‌లో పోతోంది, గాలి 100 ఉందనుకోండి, ఇటు వచ్చేటప్పుడు నేల మీద లెక్క 950 అవుతుంది, అటు పోయేటప్పుడు 750కి పడిపోతుంది.

ఇంకో తమాషా, శంషాబాద్‌లో దిగాక కారెక్కి కరీంనగర్‌లో మనింటికి చేరేసరికి, మధ్యలో టీ, బుజ్జి వాంతులు కలుపుకుని, మళ్ళీ నాలుగు గంటలు పట్టింది, సముద్రం దాటి రావడానికే అంత పట్టలేదు.

ఈసారి జులైలో వస్తారుగా, అప్పటికి ఆ గాలి హిమాలయాల అవతలికి జరిగిపోయి ఉంటుంది. సీటు ముందు స్క్రీన్ మీద గ్రౌండ్ స్పీడ్ అని, అదే నేల మీద లెక్కన స్పీడ్, చూపిస్తుంది, కార్టూన్లు కాసేపు ఆపి అరగంటకోసారి అది రాసుకోండి, రానూ పోనూ రెండుసార్లూ. డిసెంబర్లో ఉన్నంత తేడా ఉంటుందో లేదో లెక్క నాకు పంపండి.

మీ తాతయ్య