అయోర్టిక్ వాల్వ్ సన్నబడితే: అపోహలు - వాస్తవాలు

గుండె ఎడమ కింది గది నుంచి ఒంటికంతా రక్తం వెళ్లే దారికి తలుపు లాంటిది అయోర్టిక్ వాల్వ్. పెద్దవాళ్లలో అది పూర్తిగా తెరుచుకుంటే 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్ల దారి ఉంటుంది. 1 కంటే తగ్గితే తీవ్రంగా సన్నబడిందంటాం. ఎక్కువమందిలో కారణం వయసుతో వాల్వ్‌పై పేరుకునే కాల్షియమే.

అపోహ: "ఈ వయసులో ఆయాసం రాదా ఏంటి?"

ఈ మాట రోగి కంటే ముందు ఇంట్లోవాళ్లే అంటారు. ఈ జబ్బు ఏళ్ల తరబడి మెల్లగా ముదురుతుంది, మనిషి తనకు తెలియకుండానే దానికి సర్దుకుపోతాడు. మెట్లెక్కడం మానేస్తాడు, నడక తగ్గిస్తాడు, బరువులు ఇంకొకరి చేత మోయిస్తాడు. ఆ తర్వాత ఆయాసం ఉందా అని అడిగితే లేదంటాడు. అది అబద్ధం కాదు, ఆయాసం తెప్పించే పనేదీ చేయడం లేదు మరి! అందుకే నేను "నిరుడు చేసిన పనుల్లో ఇప్పుడు ఏవి మానేశారు?" అని అడుగుతాను. జవాబు చాలాసార్లు పక్కన కూర్చున్నవాళ్ల నుంచి వస్తుంది.

నడిస్తే ఆయాసం, ఛాతీలో బిగింపు, శ్రమ పడుతుండగా కళ్లు తిరగడం లేదా స్పృహ తప్పడం: తీవ్రంగా సన్నబడిన వాల్వ్ ఉన్నవారిలో వీటిలో ఏ ఒక్కటి మొదలైనా లెక్క మారిపోతుంది. అప్పటికీ వాల్వ్ మార్చకపోతే మిగిలేది సగటున రెండు నుంచి ఐదేళ్లు.

అపోహ: యాంజియోగ్రామ్ బాగుంది కాబట్టి గుండె బాగున్నట్టే.

యాంజియోగ్రామ్ చూపించేది గుండెకు రక్తాన్నిచ్చే నాళాలను. వాల్వ్ సంగతి తేల్చేది డాప్లర్‌తో (రక్తం వేగాన్ని కొలిచే పద్ధతి) చేసే ఎకో, అంటే గుండెకు తీసే అల్ట్రాసౌండ్ స్కాన్. రక్తం వేగం సెకనుకు 4 మీటర్లు దాటినా, వాల్వ్‌కు ఇటూ అటూ పీడనంలో సగటు తేడా 40 ఎంఎం హెచ్‌జీ (బీపీ కొలిచే యూనిట్) దాటినా తీవ్రమైనదే. అయితే ఇక్కడో మెలిక ఉంది. గుండె కండరం నీరసించిపోతే రక్తాన్ని గట్టిగా తోయలేదు, దాంతో ఈ అంకెలు తక్కువగా కనబడి జబ్బు ఓ మోస్తరుదే అనిపిస్తుంది. అలాంటప్పుడు గుండె గట్టిగా కొట్టుకునేలా చేసే డొబుటమైన్ అనే మందు ఇస్తూ ఎకో తీస్తాం, లేదా సీటీలో వాల్వ్‌పై కాల్షియం స్కోరు చూస్తాం. మగవారిలో సుమారు 2000, ఆడవారిలో 1200 దాటితే తీవ్రమైనదయ్యే అవకాశం ఎక్కువ.

స్టెతస్కోపులో వినిపించే మర్మర్ (గుండె చప్పుళ్ల మధ్య వచ్చే అదనపు శబ్దం) విషయంలోనూ ఇదే తిరకాసు. పెద్దగా వినబడితే పెద్ద జబ్బు, మెల్లగా వినబడితే చిన్న జబ్బు అనుకోకూడదు. గుండె అలసిపోయాక మర్మర్ కూడా మెత్తబడుతుంది.

అపోహ: మందులు వాడితే కాల్షియం కరుగుతుంది.

కరగదు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్లపై చాలా ఆశలు పెట్టుకున్నారు. 2008లో వెలువడిన సీస్ అధ్యయనంలో కొలెస్ట్రాల్ తగ్గింది గానీ వాల్వ్ జబ్బు ముదరడం ఆగలేదు. అలాగని బీపీ మందులో, వేరే కారణానికి రాసిన స్టాటినో సొంతంగా ఆపేయకండి.

అపోహ: ఎనభై దాటాక ఆపరేషన్ ఎందుకు?

2002లో ఫ్రాన్స్‌లోని రువాన్‌లో డాక్టర్ అలెన్ క్రిబియే ఛాతీ తెరవకుండా, క్యాథెటర్ (రక్తనాళంలోకి పంపే సన్నని గొట్టం) ద్వారా మనిషికి తొలిసారి వాల్వ్ అమర్చారు. దాన్నే ఇప్పుడు టావీ అంటున్నాం. ఎక్కువగా తొడ దగ్గరి రక్తనాళం గుండా చేస్తారు. వయసు అంకె ఒక్కటే చూసి వద్దనడం నాకు సమ్మతం కాదు. మూత్రపిండాలు, ఊపిరితిత్తులు, జ్ఞాపకశక్తి, సొంతంగా తిరగగల ఓపిక, అన్నీ చూడాలి. టావీ తర్వాత కొందరికి పేస్‌మేకర్ అవసరమవుతుందనీ ముందే చెప్పాలి.

వయసులో చిన్నవారికి సాధారణంగా సర్జరీయే మేలు. మెకానికల్ వాల్వ్ పెడితే జీవితాంతం వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా చూసే మందు), దాని మోతాదు సరిచూసే ఐఎన్ఆర్ రక్తపరీక్షలు తప్పవు. దాని బదులు కొత్తరకం రక్తం పలచబరిచే మాత్రలు పనికిరావు.

అపోహ: ఇది ముసలివాళ్ల జబ్బు.

నూటికి ఒకరిద్దరికి పుట్టుకతోనే ఈ వాల్వ్‌కు మూడు రెక్కలకు బదులు రెండే ఉంటాయి. వాళ్లకు వాల్వ్ ముందుగానే పాడవుతుంది. వాళ్ల తోబుట్టువులకు, పిల్లలకు కూడా ఎకో తీయించడం మంచిది. రుమాటిక్ జ్వరం (గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చే జబ్బు) వల్ల దెబ్బతిన్న వాల్వ్‌లూ ఉన్నాయి.

అపోహ: లక్షణాలు లేకపోతే డాక్టరుతో పనిలేదు.

కొద్దిగా సన్నబడితే 3 నుంచి 5 ఏళ్లకోసారి, ఓ మోస్తరైతే ఏడాది రెండేళ్లకోసారి, తీవ్రమైతే 6 నుంచి 12 నెలలకోసారి ఎకో చూడాలి. తీవ్రమైనదై, గుండె పంపింగ్ 50 శాతం కంటే తగ్గితే లక్షణాలు లేకపోయినా వాల్వ్ మార్చాల్సిందే. ఈలోగా స్పృహ తప్పినా, ఆయాసం మొదలైనా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి.