అమెరికా నల్లజాతి హైస్కూళ్లు: అపోహలు - వాస్తవాలు

నేను నార్త్ కరోలినాలో ఆర్కైవ్స్‌లో పని చేస్తాను. తెల్లపిల్లలను, నల్లపిల్లలను వేర్వేరు బడుల్లో పెట్టిన రోజుల్లో నడిచి, తర్వాత మూతపడిన నల్లజాతి హైస్కూళ్ల ఇయర్‌బుక్‌లు, ఫొటోలు, గ్రాడ్యుయేషన్ కరపత్రాలు సేకరించి స్కాన్ చేయడం, అక్కడ చదివిన పెద్దవాళ్ల మాటలు రికార్డు చేయడం నా ఉద్యోగం. షార్లెట్, కేరీ, డర్హమ్ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. నా పని గురించి చెప్పగానే వాళ్ల నుంచి దాదాపు ఒకే రకం మాటలు వింటుంటాను. మన పిల్లలు చదువుతున్నది ఆ చరిత్ర జరిగిన జిల్లాల్లోనే. అందుకే తెలుగులో రాస్తున్నాను.

అపోహ: అవి నాసిరకం బడులు. అందుకే సుప్రీంకోర్టు వాటిని వద్దంది.

అందరికంటే ఎక్కువగా నన్ను బాధపెట్టే మాట ఇదే. బడుల్లో రంగు విభజనను కొట్టేసిన 1954 నాటి సుప్రీంకోర్టు బ్రౌన్ తీర్పు నల్లజాతి టీచర్లకు చదువు చెప్పడం రాదని ఎక్కడా అనలేదు. భవనాలు, జీతాలు సమానంగా ఉన్నా సరే, పిల్లలను రంగు చూసి విడదీయడమే అసమానత అంది. తప్పు విడదీసిన ప్రభుత్వానిది.

వాషింగ్టన్ డి.సి.లోని డన్‌బార్ హైస్కూల్ సంగతి చూడండి. 1870లో ఒక చర్చి బేస్‌మెంట్‌లో మొదలైంది. కొన్నాళ్లు ఎమ్ స్ట్రీట్ హైస్కూల్‌గా నడిచి, 1916లో కవి పాల్ లారెన్స్ డన్‌బార్ పేరు పెట్టుకుంది. 1902 నుంచి 1906 దాకా అక్కడ ప్రిన్సిపాల్‌గా ఉన్న అనా జూలియా కూపర్ మా నార్త్ కరోలినాలోని రాలీలో బానిసగా పుట్టిన మనిషి. నల్లవాళ్లకు చేతిపనులు నేర్పితే చాలన్న ఒత్తిడి ఉన్న రోజుల్లో ఆమె లాటిన్, గణితం చెప్పించి పిల్లలను హార్వర్డ్ లాంటి చోట్లకు పంపింది. చివరికి ఆ పదవి పోగొట్టుకుంది. తర్వాతి కాలంలో పారిస్‌లో సోర్బాన్ నుంచి డాక్టరేట్ సంపాదించింది.

1921లో అమెరికాలో పీహెచ్‌డీ పొందిన మొదటి నల్లజాతి మహిళలు ముగ్గురు: జార్జియానా సింప్సన్, సాడీ మోసెల్ అలెగ్జాండర్, ఈవా డైక్స్. ముగ్గురికీ ఈ బడితో సంబంధం ఉంది. సాడీ అక్కడ చదువుకుంది, సింప్సన్ పాఠాలు చెప్పింది, డైక్స్ చదువుకుంది, తిరిగి వచ్చి చెప్పింది కూడా. రక్తంలోని ప్లాస్మాను నిల్వ చేసే పద్ధతిని తీర్చిదిద్దిన డాక్టర్ చార్లెస్ డ్రూ, అమెరికా మొదటి నల్లజాతి ఫెడరల్ జడ్జి విలియం హేస్టీ, కేబినెట్‌లో మొదటి నల్లజాతి మంత్రి రాబర్ట్ వీవర్, అందరూ అక్కడి విద్యార్థులే. సెగ్రిగేషన్‌ను, అంటే రంగు చూసి విడదీసే ఆ పద్ధతిని, కోర్టుల్లో ఒక్కో మెట్టుగా కూల్చే వ్యూహం పన్నిన లాయర్ చార్లెస్ హ్యామిల్టన్ హ్యూస్టన్ కూడా అక్కడే చదివాడు. అంటే ఆ వ్యవస్థను పడగొట్టిన మనిషిని తయారు చేసింది ఆ వ్యవస్థ చిన్నచూపు చూసిన బడే.

ఇంత గట్టి టీచర్లు ఒక హైస్కూల్‌కు ఎలా దొరికారంటే, డాక్టరేట్ ఉన్నా తెల్లవాళ్ల యూనివర్సిటీలు వాళ్లకు ఉద్యోగం ఇచ్చేవి కావు. డి.సి.లో జీతాలు కూడా దక్షిణాది రాష్ట్రాల కంటే చాలా నయం. మరో సంగతి కూడా చెప్పాలి. అన్నీ డన్‌బార్‌లు కావు. పల్లెల్లో తెల్లవాళ్ల బడుల్లో వాడి పారేసిన పుస్తకాలు, పొయ్యి చుట్టూ కూర్చుని చదివే గదులు, పత్తి ఏరే కాలంలో మూసేసే తరగతులు మామూలే. లేమి నిజం, చదువు నాణ్యత కూడా నిజం. ఒకటి చెప్పి రెండోది దాచేస్తే అక్కడ పని చేసిన టీచర్లకు అన్యాయం చేసినట్టే.

అపోహ: ప్రభుత్వమే కట్టించి ఇచ్చింది కదా.

చాలాచోట్ల ఇవ్వలేదు. ఇచ్చినదాన్ని లాక్కున్న సందర్భాలూ ఉన్నాయి. జార్జియాలోని అగస్టాలో వేర్ హైస్కూల్ నల్లజాతి పిల్లలది. 1897లో డబ్బు లేదని బోర్డు దాన్ని మూసేసింది. తెల్లపిల్లల హైస్కూళ్లకు మాత్రం డబ్బు ఇస్తూనే ఉంది. తల్లిదండ్రులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1899లో వచ్చిన కమింగ్ తీర్పులో కోర్టు జోక్యం చేసుకోనంది. ఆ తీర్పు రాసింది జస్టిస్ హార్లన్. అంతకు మూడేళ్ల ముందు, విడదీయడం చట్టబద్ధమేనని కోర్టు తేల్చిన ప్లెసీ కేసులో, సెగ్రిగేషన్‌ను ఒంటరిగా వ్యతిరేకించిన ఆ హార్లనే.

దాంతో జనం తమ చేతులతోనే కట్టుకున్నారు. 1912 నుంచి 1932 దాకా దక్షిణాదిలో లేచిన రోజెన్‌వాల్డ్ బడుల గురించి చాలామంది వినే ఉంటారు. నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ ఆలోచన, సియర్స్ కంపెనీ అధినేత జూలియస్ రోజెన్‌వాల్డ్ విరాళం. 15 రాష్ట్రాల్లో టీచర్ల ఇళ్లు, వర్క్‌షాపులతో కలిపి 5,300కు పైగా కట్టడాలు. ఎక్కువ భాగం చిన్న పిల్లల బడులే అయినా, హైస్కూల్‌కు పునాది పడింది వాటిల్లోనే. దాత పేరే అందరికీ గుర్తుంటుంది కానీ, ఆయన ఫండ్ ఇచ్చింది దాదాపు 43 లక్షల డాలర్లయితే, నల్లజాతి జనం సొంతంగా కూడబెట్టి ఇచ్చింది 47 లక్షలు. కౌలు రైతులు, ఇళ్లల్లో పనివాళ్లు, చర్చి చందాలు. వీళ్లంతా పన్నులు కడుతూనే ఇదీ ఇచ్చారు. స్థలం, కలప, శ్రమ అదనం.

అపోహ: 1954లో తీర్పు రాగానే పిల్లలంతా కలిసి చదువుకున్నారు.

లేదు. వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ కథ ఒక్కటి తెలిస్తే చాలు.

ఫార్మ్‌విల్‌లో రాబర్ట్ రస్సా మోటన్ హైస్కూల్‌ను 1939లో 180 మంది కోసం కట్టారు. 1951 నాటికి అక్కడ 450 మందికి పైగా ఉన్నారు. కొత్త భవనానికి బదులు తారు కాగితం కప్పిన షెడ్లు వేశారు. 1951 ఏప్రిల్ 23న 16 ఏళ్ల బార్బరా జాన్స్ విద్యార్థులందరినీ కూడగట్టి సమ్మె చేయించింది. వాళ్లు అడిగింది మంచి బడి. లాయర్లు ఆలివర్ హిల్, స్పాట్స్‌వుడ్ రాబిన్సన్ మాత్రం సెగ్రిగేషన్‌నే సవాలు చేస్తామంటేనే కేసు తీసుకుంటామన్నారు. పిల్లలు, తల్లిదండ్రులు సరే అన్నారు. బ్రౌన్ తీర్పులో కలిసిన అయిదు కేసుల్లో అదొకటి.

గెలిచాక ఏమైంది? 1959లో ఆ కౌంటీ పిల్లలను కలపడం ఇష్టం లేక పబ్లిక్ స్కూళ్లన్నిటికీ తాళం వేసింది. తెల్లపిల్లలకు ప్రైవేటు అకాడమీ వచ్చింది. నల్లజాతి పిల్లల్లో కొందరు వేరే ఊళ్లలోని బంధువుల ఇళ్లకు వెళ్లి చదివారు. చాలామందికి చదువే ఆగిపోయింది. 1964లో సుప్రీంకోర్టు మళ్లీ కలగజేసుకుంటే తప్ప తాళాలు తెరుచుకోలేదు. అయిదేళ్లు! ఏడేళ్ల పిల్లకు పన్నెండేళ్లు వచ్చేస్తాయి. ఈ రోజు ఆ మోటన్ భవనం మ్యూజియం. అమెరికా కాంగ్రెస్ భవనంలో వర్జీనియా తరఫున ఉన్న, అంతర్యుద్ధంలో దక్షిణాది సేనాని జనరల్ లీ విగ్రహాన్ని 2020లో తీసేశాక, ఆ చోటుకు రాష్ట్రం ఎంచుకున్నది బార్బరా జాన్స్‌నే.

మిగతా దక్షిణాదిలోనూ పిల్లలు పెద్ద ఎత్తున కలిసింది ఇక ఆలస్యం కుదరదన్న 1968 నాటి గ్రీన్ తీర్పు, కలపడం కోసం పిల్లలను వేరే పేటల బడులకు బస్సుల్లో పంపొచ్చన్న 1971 నాటి స్వాన్ తీర్పు వచ్చాకే. స్వాన్ కేసు మా షార్లెట్ నుంచే వెళ్లింది.

అపోహ: రెండు బడులు కలిసిపోయాయి. ఎవరికీ నష్టం లేదు.

నేను పని చేసేది సరిగ్గా ఈ నష్టం మీదే. కాగితం మీద అది విలీనం. ఊళ్లో జరిగింది మాత్రం, నల్లజాతి బడి మూసి, ఆ పిల్లలను తెల్లవాళ్ల బడికి పంపడం. నల్లజాతి బడి భవనం కొత్తదైనా సరే, తమ పిల్లలను అక్కడికి పంపడానికి తెల్ల తల్లిదండ్రులు ఒప్పుకోరని అధికారుల లెక్క. హైస్కూల్ భవనాన్ని జూనియర్ హైస్కూల్‌గా దించేసేవారు, లేదంటే కూల్చేసేవారు.

మా రాష్ట్రంలోని విల్మింగ్టన్‌లో విలిస్టన్ హైస్కూల్ 1968లో మూతపడింది. పిల్లలను రెండు తెల్ల బడుల్లోకి పంచారు. ఆ కోపం మూడేళ్లలో ఊరినే కుదిపింది. 1971 అల్లర్ల తర్వాత అన్యాయంగా శిక్షపడిన ‘విల్మింగ్టన్ టెన్’ అనే పదిమంది ఉద్యమకారులకు రాష్ట్ర గవర్నర్ క్షమాభిక్ష 2012 చివర్లో గానీ రాలేదు. షార్లెట్‌లో సెకండ్ వార్డ్ హైస్కూల్ 1923 నుంచి 1969 దాకా నడిచింది. అర్బన్ రెన్యువల్ (పాత పేటలను కూల్చి ఊరిని తిరిగి కట్టే ప్రభుత్వ పథకం) పేరుతో చుట్టూ ఉన్న బ్రూక్లిన్ పేటనే నేలమట్టం చేశారు, దానితోపాటే బడీ పోయింది. బదులుగా కొత్త హైస్కూల్ కడతామన్న మాట నిలబడలేదు. జిమ్ ఒక్కటి మిగిలింది.

టీచర్ల సంగతి ఇంకా ఘోరం. 1954-65 మధ్య 17 దక్షిణాది, సరిహద్దు రాష్ట్రాల్లో దాదాపు 38,000 మంది నల్లజాతి టీచర్లు, ప్రిన్సిపాళ్లు ఉద్యోగాలు కోల్పోయారని అంచనా. రెండు బడులకు ఇద్దరు ప్రిన్సిపాళ్లుంటే, కలిపాక కుర్చీ తెల్లాయనకే. రెండో ఆయన అసిస్టెంట్ అయ్యేవాడు, లేదా టెక్స్ట్‌బుక్ స్టోర్ చూసుకునేవాడు. పేరు, జెండా రంగులు, బడి పాట, ట్రోఫీలు కూడా పోయాయి. ట్రోఫీలు చెత్తలో పడేయడం కళ్లారా చూశామని నేను రికార్డు చేసిన పెద్దల్లో వేర్వేరు ఊళ్లవాళ్లు చెప్పారు. ఆ మాట దగ్గరకొచ్చేసరికి చాలామంది గొంతు పూడుకుపోతుంది.

అపోహ: మా బడి మాకు ఉంచండి అన్నవాళ్లు కలిసి చదవడం ఇష్టం లేనివాళ్లు.

మా రాష్ట్రంలోని హైడ్ కౌంటీలో 1968-69లో నల్లజాతి కుటుంబాలు ఏడాది పాటు పిల్లలను బడికి పంపకుండా బాయ్‌కాట్ చేశాయి. రాష్ట్ర రాజధాని రాలీకి పాదయాత్రగా వెళ్లాయి. తమ రెండు బడులనూ మూసేసి, పిల్లలను తెల్లవాళ్ల బడికి పంపే ప్లాన్ మీద ఆ పోరాటం. వాళ్లు కోరింది తెల్లపిల్లలు కూడా తమ బడులకు రావాలనే. గెలిచారు, బడులు నిలిచాయి. కలవాలి, అయితే కలిసే భారమంతా మా పిల్లల మీదే ఎందుకు పడాలి అని వాళ్లు అడిగారు. ఆ ప్రశ్నకు నేను ఇప్పటివరకు న్యాయమైన జవాబు వినలేదు.

అపోహ: ఇప్పుడు అవేవీ లేవు.

కొన్ని ఉన్నాయి. గ్రీన్స్‌బరోలో డడ్లీ, డర్హమ్‌లో హిల్‌సైడ్, ఫయట్‌విల్‌లో ఇ.ఇ. స్మిత్, షార్లెట్‌లో వెస్ట్ షార్లెట్ ఇంకా నడుస్తున్నాయి. ఇండియానాపోలిస్‌లో 1927లో తెరిచిన క్రిస్పస్ అటక్స్ 1955లో ఆస్కార్ రాబర్ట్‌సన్ ఆటతో ఇండియానా బాస్కెట్‌బాల్ చాంపియన్ అయింది. అన్ని బడులూ ఆడే రాష్ట్ర టోర్నీని ఒక నల్లజాతి హైస్కూల్ గెలవడం దేశంలో అదే మొదటిసారి. గెలిచిన జట్లు ఊరి నడిబొడ్డున సంబరం చేసుకోవడం అక్కడి ఆనవాయితీ. వీళ్ల ఊరేగింపును మాత్రం నల్లవాళ్ల పేటలోని పార్కుకు మళ్లించారు. 1986లో ఆ బడిని జూనియర్ హై చేశారు, 2006లో మళ్లీ హైస్కూల్ అయింది.

సెయింట్ లూయిస్‌లో 1875 నాటి సమ్నర్ హైస్కూల్ గాయకులు చక్ బెరీ, టీనా టర్నర్, టెన్నిస్ ఆటగాడు ఆర్థర్ యాష్ చదివిన చోటు. 2020 చివర్లో పిల్లలు తగ్గారని మూసివేత జాబితాలో పెట్టారు. పూర్వ విద్యార్థులు, ఆ పేట జనం కళల మీద దృష్టి పెట్టే ప్లాన్‌తో ముందుకొచ్చి ఆపారు.

అపోహ: మ్యాగ్నెట్ స్కూల్ చేస్తే సమస్య తీరిపోయినట్టే.

మన తల్లిదండ్రులు దీన్ని జాగ్రత్తగా చదవాలి, ఎందుకంటే మ్యాగ్నెట్ సీట్ల కోసం మనమూ అప్లై చేస్తాం. మ్యాగ్నెట్ అంటే ప్రత్యేక కోర్సులతో ఊరంతటి నుంచీ పిల్లలను ఆకర్షించే పబ్లిక్ స్కూల్. ఓక్లహోమాలోని టల్సాలో బుకర్ టి. వాషింగ్టన్ హైస్కూల్ 1913లో మొదలై, 1921లో నల్లవాళ్ల గ్రీన్‌వుడ్ పేటను తెల్లమూకలు తగలబెట్టిన మారణకాండను తట్టుకుంది. ఇళ్లు పోయినవాళ్లకు రెడ్‌క్రాస్ సాయం అందించింది ఆ బడి నుంచే. 1973లో దాన్ని మ్యాగ్నెట్ చేశారు. మంచి పేరుంది. కాకపోతే పక్క వీధి పిల్ల కూడా అప్లికేషన్ పెట్టుకుని సీటు తెచ్చుకోవాల్సి వచ్చింది. భవనం, పేరు నిలవడం ఒకటి, ఆ పేట పిల్లలకు అది అందడం ఇంకొకటి.

వెస్ట్ షార్లెట్‌ది దీనికి ఎదురు కథ. స్వాన్ తీర్పుతో వచ్చిన బస్సుల పథకంతో 1970ల్లో దేశమంతా మెచ్చుకున్న బడి. బాస్టన్‌లో అలాంటి బస్సుల మీదే గొడవలు జరుగుతుంటే, కలిసి ఎలా చదవచ్చో చూపిస్తామని ఇక్కడి విద్యార్థులు 1974లో బాస్టన్ పిల్లలను పిలిచారు. 1999లో కోర్టు ఆ పథకానికి ముగింపు పలికింది, 2002 నుంచి పిల్లలు మళ్లీ ఎవరి పేట బడికి వాళ్లు వెళ్లారు. కొన్నేళ్లలోనే వెస్ట్ షార్లెట్‌లో పేద, నల్లజాతి, లాటినో పిల్లలే మిగిలారు. తక్కువ రేటింగ్ చూసి ఆ బడిని కొట్టిపారేసే ముందు ఈ వరుస ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

అపోహ: ఇదంతా పూర్వ విద్యార్థుల జ్ఞాపకాల ముచ్చట.

రికార్డులు పోతే ముచ్చటకు కూడా ఏమీ మిగలదు. చాలా జిల్లాలు మూసిన బడుల కాగితాలు దాచలేదు. ఉన్నవి ఇళ్లల్లో అటకల మీద, చర్చి అల్మారాల్లో ఉన్నాయి. 1969లో చివరి బ్యాచ్‌లో బయటికొచ్చినవాళ్లకు ఇప్పుడు 70 దాటింది.

మీ పక్కింటి పెద్దాయన దగ్గరో, పాత సామాను అమ్మే చోటో ఇలాంటి ఇయర్‌బుక్ కనిపిస్తే లామినేషన్ చేయించవద్దు, స్కాన్ కోసం బైండింగ్ విప్పవద్దు, టేపు అంటించవద్దు. ఫొటో వెనక బాల్‌పెన్ కాకుండా మెత్తటి పెన్సిల్‌తో ఎడమ నుంచి కుడికి ఎవరెవరో రాయించండి. ఆ ముఖాలను గుర్తుపట్టే మనిషి ఉన్నప్పుడే చేయాల్సిన పని అది. తర్వాత ఊరి పబ్లిక్ లైబ్రరీలో అడగండి. నార్త్ కరోలినాలో అయితే లైబ్రరీల ద్వారా వచ్చినవాటిని స్కాన్ చేసి, అసలు పుస్తకాన్ని తిరిగి ఇచ్చేసే డిజిటల్ ఎన్‌సీ అనే సర్వీసు ఉంది. అందులో నల్లజాతి హైస్కూళ్ల ఇయర్‌బుక్‌లు ఇప్పటికే చాలా ఉన్నాయి, ఉచితంగా చూడొచ్చు. మీ పిల్లల మిడిల్ స్కూల్ భవనం ఒకప్పుడు ఏ హైస్కూలో, ముందు దాని పేరుతోనే వెతకండి.