గుర్రాలు, ట్యాంకులు, బ్జూరా నది: పొజ్నాన్ సైన్యం చుట్టూ అల్లుకున్న అపోహలు

కాలేజీలో ఆధునిక ఐరోపా చరిత్ర చెబుతాను. ఏటా 1939 సెప్టెంబరులో జర్మనీ పోలండ్ మీద దండెత్తిన పాఠం మొదలుపెట్టిన రోజు వెనక బెంచీ నుంచి ఒక చెయ్యి లేస్తుంది. "సార్, పోలండ్ వాళ్లు ఈటెలు పట్టుకుని గుర్రాల మీద జర్మన్ ట్యాంకులపైకి వెళ్లారట కదా?" తరగతి అంతా నవ్వుతుంది. ఆ నవ్వు ఆగాక, పాఠం పక్కన పెట్టి ఒక్క సైన్యం కథ చెబుతాను. అది జనరల్ తదేయూష్ కుట్షెబా నడిపిన పొజ్నాన్ సైన్యం. పోలండ్ గురించి మనకున్న దురభిప్రాయాలన్నీ దాని దగ్గరికి వచ్చేసరికి తేలిపోతాయి.

ముందుగా పేర్ల గొడవ. మనం 'లోడ్జ్' అని రాసుకునే ఊరిని అక్కడివాళ్లు 'వూచ్' అంటారు. కింద వీలైనంత వరకు వాళ్ల ఉచ్చారణకే దగ్గరగా రాశాను. పటంలో వెతికేవాళ్లు కాస్త ఓపిక పట్టాలి.

అపోహ: పోలిష్ అశ్వికులు ట్యాంకులను ఈటెలతో పొడవబోయారు.

వాస్తవం: ఈ కథ సెప్టెంబరు 1న క్రోయాంతీ అనే పల్లె దగ్గర పుట్టింది. ఆ సాయంత్రం కర్నల్ కజిమియెష్ మస్తలేష్ నాయకత్వంలోని 18వ ఉలాన్ (తేలికపాటి అశ్వికుల) రెజిమెంటు అడవి అంచున విశ్రాంతి తీసుకుంటున్న జర్మన్ పదాతి దళం మీదికి దూకింది. దాడి మొదట ఫలించింది. అంతలో పక్క నుంచి మెషిన్‌గన్లు బిగించిన సాయుధ వాహనాలు వచ్చాయి. మస్తలేష్‌తో పాటు పలువురు అక్కడే చనిపోయారు. ఆ తర్వాత విదేశీ విలేకరులను తీసుకొచ్చి చూపించినప్పుడు అక్కడ గుర్రాల కళేబరాలూ ఉన్నాయి, జర్మన్ వాహనాలూ ఉన్నాయి. మిగతా కథను ఊహ నింపేసింది. జర్మన్ ప్రచారానికి అది అక్కరకొచ్చింది, యుద్ధం తర్వాత అందరికీ అలవాటైపోయింది.

గుర్రం వాళ్లకు ప్రయాణ సాధనం. పోరాటం చాలావరకు నేల మీద నిలబడే సాగేది. అదే రోజు మోక్రా దగ్గర వోవిన్ అశ్వికదళం గుర్రాలు దిగి, ట్యాంకులను ఛేదించే 37 మిల్లీమీటర్ల బోఫోర్స్ తుపాకులతో, సాయుధ రైలు అండతో జర్మన్ 4వ పాంజర్ (ట్యాంకు) డివిజన్‌ను రోజంతా నిలువరించింది. ఆ బోఫోర్స్ తుపాకులను లాక్కొచ్చింది కూడా గుర్రాలే. ఇక అవతలి పక్షం సంగతి చూడండి: ఒక జర్మన్ పదాతి డివిజన్‌లో సుమారు 5 వేల గుర్రాలు ఉండేవి. వార్తాచిత్రాల్లో ట్యాంకులే కనిపించాయి కాబట్టి జర్మన్లందరూ వాహనాల్లోనే తిరిగారని మనం అనుకుంటాం.

అపోహ: పోలండ్ సైన్యానికి పరుగు తప్ప ఎదురుదాడి తెలియదు.

వాస్తవం: నా ఉద్దేశంలో అసలు కథ ఇక్కడే ఉంది, అందుకే ఇక్కడ కాసేపు ఆగుతాను.

పొజ్నాన్ ప్రాంతం పటంలో జర్మనీ వైపు ముందుకు పొడుచుకొచ్చినట్టు ఉండేది. జర్మన్లు ఆ మొనను వదిలేసి ఉత్తరాన పొమెరేనియా నుంచి, దక్షిణాన సైలీషియా నుంచి కొట్టారు. దాంతో కుట్షెబా దగ్గర నాలుగు పదాతి డివిజన్లు, రెండు అశ్వికదళ బ్రిగేడ్లు మొదటి రోజుల్లో దాదాపు చెక్కుచెదరలేదు. ఆ సైన్యం రాత్రిళ్లు నడుస్తూ తూర్పుకు జరిగింది. కుట్షెబాకు అంతకుముందు పదకొండేళ్లు యుద్ధ కళాశాల అధిపతిగా పనిచేసిన అనుభవం ఉంది, పటం చదవడం ఎవరూ నేర్పనక్కరలేదు. తనకు దక్షిణంగా వార్సా వైపు దూసుకుపోతున్న జర్మన్ 8వ సైన్యం ఎడమ పక్క ఖాళీగా ఉందని గమనించాడు. దెబ్బకొడతానని తొలి వారంలోనే అనుమతి అడిగాడు. సర్వసేనాధిపతి రిద్జ్-స్మిగ్వీ ముందు ఒప్పుకోలేదు, అనుమతి 8న గానీ రాలేదు. ఆ జాప్యం ఎంత నష్టం చేసిందో ఈనాటికీ సైనిక చరిత్రకారులు వాదించుకుంటూనే ఉన్నారు. నేను కుట్షెబా పక్షం.

9వ తేదీ చీకటి పడే వేళ మూడు డివిజన్లు వార్సాకు పడమరన ఉన్న బ్జూరా నది దాటాయి. ఎదురుగా జనరల్ ఫాన్ బ్రీజెన్‌కు చెందిన జర్మన్ 30వ డివిజన్ దాదాపు 30 కిలోమీటర్ల పొడవున పలచగా పరుచుకుని ఉంది. పోలిష్ సైన్యం తూర్పుకు జారుకుందని జర్మన్ గూఢచారి విభాగం నమ్మింది. వెంచిత్సా, ప్యోంతెక్ ఊళ్ల దగ్గర ఆ నమ్మకం బద్దలైంది. (ప్యోంతెక్ అంటే పోలిష్ భాషలో శుక్రవారం. దాడి మొదలైంది మాత్రం శనివారం. విద్యార్థులకు తేదీ గుర్తుండటానికి ఈ ముక్క చెబుతుంటాను.) 30వ డివిజన్ కొన్నిచోట్ల 20 కిలోమీటర్ల దాకా వెనక్కి తగ్గింది. వందల మంది బందీలయ్యారు. 8వ సైన్యాధిపతి బ్లాస్కోవిట్జ్‌కు సహాయంగా వార్సా ముందున్న పాంజర్ డివిజన్లను కూడా వెనక్కి మళ్లించాల్సి వచ్చింది.

ఆ తర్వాత గెలుపు చేజారింది. పోలండ్‌కే చెందిన వూచ్ సైన్యం అప్పటికే వెనుదిరిగింది కాబట్టి అటు నుంచి సాయం రాలేదు. 14న పాంజర్లు వస్తున్నాయన్న వార్తతో, కుట్షెబాతో కలిసి పోరాడుతున్న పోలిష్ పొమెరేనియా సైన్యం అధిపతి బోర్త్‌నోవ్‌స్కీ వోవిచ్ దగ్గరి దళాలను వెనక్కి పిలిచాడు. 16 నుంచి చుట్టుముట్టిన వలయం బిగుసుకుంది. 17న నది రేవుల మీద వందల విమానాలు బాంబులు కురిపించాయి. అదే రోజు తూర్పు సరిహద్దు దాటి సోవియట్ సేనలు ప్రవేశించాయి. పొజ్నాన్, పొమెరేనియా సైన్యాలు రెండింటిలో కలిపి లక్షన్నరకు పైగా బందీలయ్యారు, వేల మంది చనిపోయారు. ఇది ఓటమి కాదని ఎవరూ అనలేరు. కానీ వార్సాకు రక్షణ ఏర్పాట్లకు చిక్కిన ఆ వారం రోజులు ఇక్కడ రక్తంతో కొన్నవే.

అపోహ: పోలండ్ దగ్గర ట్యాంకులను ఆపే ఆయుధమే లేదు.

వాస్తవం: బోఫోర్స్ గురించి పైన చెప్పాను. ఇంకోటి చూపిస్తాను. టీకేఎస్ అనే పోలిష్ బుల్లి ట్యాంకు ఎత్తు మనిషి ఛాతీ దాకా ఉంటుంది, ఇద్దరికే చోటు. బరువు రెండున్నర టన్నులకు కొంచెం ఎక్కువ. చాలావాటికి మెషిన్‌గన్ మాత్రమే. కొన్నింటికే 20 మిల్లీమీటర్ల తుపాకీ పెట్టారు. అలాంటి ఒక బండిలో కూర్చున్న రోమన్ ఓర్లిక్ అనే క్యాడెట్ సెప్టెంబరు 18, 19 తేదీల్లో వార్సా పక్కనున్న కాంపినోస్ అడవి దారుల్లో పొంచి ఉండి పలు జర్మన్ ట్యాంకులను ధ్వంసం చేశాడు. పొట్టిగా ఉండటమే అక్కడ దానికి కలిసొచ్చింది, పొదల చాటున కనిపించేది కాదు. ఇలాంటివి తగినన్ని లేకపోవడమే పోలండ్ బాధ.

అపోహ: విమానాలన్నీ మొదటి రోజే నేలమీద కాలిపోయాయి.

వాస్తవం: యుద్ధ విమానాలను ఆగస్టు చివరికే పొలాల మధ్య రహస్య మైదానాలకు తరలించారు. బాంబులు ఎక్కువగా పడింది ఖాళీ స్థావరాల మీద, శిక్షణ విమానాల మీద.

అపోహ: ఉలాన్లు గుర్రాల మీద దాడి చేయనేలేదు.

వాస్తవం: ఇది మొదటి అపోహను ఖండించబోయి అవతలి ఒడ్డున పడినవాళ్ల మాట. చేశారు. 19న వూల్కా వెంగ్లోవా దగ్గర 14వ ఉలాన్ రెజిమెంటు గుర్రాల మీదే దూసుకెళ్లి జర్మన్ వలయాన్ని చీల్చి వార్సా దారి పట్టింది. ప్రాణనష్టం తీవ్రంగానే జరిగింది. కానీ వాళ్ల గురి ట్యాంకులను పొడవడం మీద లేదు, వలయం దాటడం మీద ఉంది.

అపోహ: సేనాధిపతులు సైనికులను వదిలి పారిపోయారు.

వాస్తవం: సర్వసేనాధిపతి 17వ తేదీ రాత్రి సరిహద్దు దాటి రుమేనియా వెళ్లిపోయాడు, ఆ మచ్చ ఉంది. బ్జూరా దగ్గర పోరాడినవారి సంగతి వేరు. 14వ డివిజన్ అధిపతి వ్వాద్, అశ్వికదళ నాయకుడు గ్జ్‌మోత్-స్కోత్నిత్స్కీ, వార్సా వాకిట్లో బోవ్తుచ్, ముగ్గురు జనరళ్లు ఆ సెప్టెంబరులోనే నేలకొరిగారు. బోర్త్‌నోవ్‌స్కీ బందీ అయ్యాడు. కుట్షెబా మిగిలిన దళాలతో అడవి దాటి వార్సా చేరాడు. నగరంలో తిండి, నీళ్లు అయిపోయాక సెప్టెంబరు 28న లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టే పని ఆయన మీదే పడింది. రకోవెత్స్ పేటలోని స్కోడా కార్ఖానాలో బల్లకు అవతల జర్మన్ల తరఫున కూర్చున్నది బ్లాస్కోవిట్జ్. పందొమ్మిది రోజుల కిందట బ్జూరా ఒడ్డున ఆయన ఊహించని దెబ్బ కొట్టిన మనిషే ఇప్పుడు ఎదురుగా కలం పట్టుకుని ఉన్నాడు.