బస్టాపులో రెండు రంగుల కోట్లు

చిరంజీవులు పెద్దదానికీ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో మీ అమ్మ ఒకటే టెన్షన్. ఇంగ్లండ్‌లో మీ కెంట్ జిల్లాలో ఎవరు ఏ హైస్కూలుకో తేల్చే కెంట్ టెస్ట్ రిజల్ట్స్ వచ్చేస్తున్నాయట. పరీక్ష రాసిన పెద్దదేమో పక్కనే కూర్చుని తాపీగా జంతికలు నములుతోంది! వెనక నుంచి చిన్నోడు అరిచాడు చూడండి, "తాతయ్యా, ససెక్స్‌లో మా ఫ్రెండ్‌కి ఈ పరీక్షే లేదట, మాకే ఎందుకు?" అని. అది ఫోన్‌లో తేలే సంగతి కాదు. అందుకే ఈ ఉత్తరం.

1944లో, యుద్ధం ఇంకా నడుస్తుండగానే, బట్లర్ అనే విద్యామంత్రి ఇంగ్లండ్‌లో ఒక చట్టం తెచ్చాడు. దాంతో సర్కారు హైస్కూళ్లలో ఫీజు పోయింది. మంచి పనే. అయితే ఆ తర్వాత దాదాపు దేశమంతటా పదకొండేళ్ల పిల్లలకు ఒక పరీక్ష పెట్టారు. పాసైతే గ్రామర్ స్కూలు: లాటిన్, సైన్సు, అటు నుంచి యూనివర్సిటీ. లేకపోతే సెకండరీ మోడరన్. అక్కడ చాలామంది పదిహేనేళ్లకే, చేతిలో ఏ సర్టిఫికెట్టూ లేకుండా పనిలో చేరిపోయేవాళ్లు. మధ్యలో టెక్నికల్ స్కూళ్లు కూడా ఉండాలన్నారు గానీ, కట్టినవి కొన్నే.

గ్రామర్ స్కూల్లో సీటు దొరికేది సుమారు నలుగురిలో ఒకరికి. ఆ ఊళ్లో సీట్లెన్ని ఉంటే అంతమంది పాసు. ఒక ఊళ్లో పాసయ్యే మార్కులకే ఇంకో ఊళ్లో ఫెయిలు. పెద్దదానా, ఇది విను: ఆ వయసులో ఆడపిల్లలకే మార్కులు ఎక్కువ వస్తున్నాయని, చాలాచోట్ల వాళ్ల కటాఫ్ పెంచేశారు. తెలివి పుట్టుకతోనే వస్తుంది, దాన్ని కొలిచి చెప్పొచ్చు అని సిరిల్ బర్ట్ అనే మానసిక శాస్త్రవేత్త అప్పట్లో గట్టిగా చెప్పేవాడు. కవలల మీద ఆయన చూపిన లెక్కల్ని, ఆయన 1971లో పోయాక, తోటి శాస్త్రవేత్తలే నమ్మడం మానేశారు.

మరి ఆ గ్రామర్ స్కూళ్లు ఎలా తగ్గిపోయాయి? పేదవాళ్లు తిరగబడి మూయించారని అనుకోకండి. గుమాస్తాలు, చిన్న ఉద్యోగులు, దుకాణాలవాళ్లు... వీళ్ల పిల్లలూ ఫెయిలయ్యారు. ప్రైవేటులో చేర్పించే స్తోమత లేదు, సెకండరీ మోడరన్‌కి పంపాలంటే నామోషీ. ఓట్లు మాత్రం దండిగా ఉన్నాయి. 1965లో లేబర్ పార్టీ విద్యామంత్రి క్రోస్‌లాండ్ ఒక సర్క్యులర్ పంపాడు, అందరూ కలిసి చదివే కాంప్రహెన్సివ్ స్కూళ్లకు మారమని. అందులో ఉన్న మాట 'కోరుతున్నాం', అంతే. 'ఆదేశిస్తున్నాం' కాదు. మరుసటి ఏడాది ఇంకో కాగితం వచ్చింది: మారని వాళ్లకు కొత్త హైస్కూలు భవనాలకు డబ్బు లేదని. సర్కారు కోరిక అంటే అలాగే ఉంటుంది మరి.

1970లో మార్గరెట్ థాచర్ విద్యామంత్రి అయ్యి ఆ సర్క్యులర్‌ని రద్దు చేసింది. తానూ గ్రామర్ స్కూల్లో చదివిన మనిషే. అయినా ఊళ్ల నుంచి, తన కన్జర్వేటివ్ పార్టీ చేతిలో ఉన్న స్థానిక కౌన్సిళ్ల నుంచి కూడా, మార్పు కోరుతూ ఫైళ్లు వస్తూనే ఉన్నాయి. చాలావాటి మీద సంతకం పెట్టింది. మరే విద్యామంత్రి హయాంలోనూ అంత ఎక్కువగా గ్రామర్ స్కూళ్లు పోలేదు. 1960ల్లో ఇంగ్లండ్, వేల్స్‌లో కలిపి దాదాపు 1,300 ఉండేవి. ఇప్పుడు ఇంగ్లండ్‌లో 163, వేల్స్‌లో ఒక్కటీ లేదు. కెంట్ కౌన్సిల్ మాత్రం మొండికేసింది. చిన్నోడా, మీకే ఎందుకంటే అందుకే.

1998లో కొత్త గ్రామర్ స్కూళ్లు పెట్టకూడదని చట్టం వచ్చింది. 2016లో ప్రధాని థెరిసా మే దాన్ని ఎత్తేస్తానంది. మరుసటి ఏడాది ఎన్నికల్లో మెజారిటీ పోయేసరికి ఆ ఊసే మానేసింది. గ్రామర్ స్కూళ్లు మళ్లీ తెస్తామనే నాయకులు ఇప్పటికీ ఉన్నారు. సెకండరీ మోడరన్‌లు మళ్లీ తెస్తామన్న వాణ్ణి మాత్రం నేనింతవరకు చూడలేదు. ఒకటి తెస్తే రెండోది వెంట రాకుండా ఎలా ఉంటుంది?

ఇలాంటి పరీక్షలు తప్పని అనాలంటే నాకూ ఇబ్బందే. పీవీ నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో సర్వేలులో గురుకులం పెట్టారు, ఆ తర్వాత మన తాడికొండ. మా ఇంట్లో కిరోసిన్ దీపం ఒక్కటే. దాని కిందే చదివి పరీక్ష పాసై నేను తాడికొండ వెళ్లాను. ఆ స్కూలే లేకపోతే మీ అమ్మ ఇంగ్లండ్ దాకా వచ్చేది కాదు. రెండేళ్ల తర్వాత చిన్న తాతయ్య అదే దీపం కింద చదివాడు, ఫెయిలయ్యాడు. లెక్కల్లో వాడు నాకంటే చురుకు. నన్ను బస్సెక్కించడానికి మా నాన్నతో పాటు వాడూ వచ్చేవాడు, నా ట్రంకుపెట్టె మోసుకుంటూ. బస్సు కదిలేదాకా నా మొహం చూసేవాడు కాదు.

పోయినసారి మీ ఊరు మేడ్‌స్టన్ వచ్చినప్పుడు పొద్దున్నే బస్టాపులో కూర్చునేవాణ్ణి. ఒక ఇంట్లోంచి ఇద్దరు పిల్లలు కబుర్లు చెప్పుకుంటూ వచ్చేవాళ్లు, ఒక్కొక్కరిది ఒక్కో స్కూలు, ఒక్కో రంగు కోటు. బస్టాపు దగ్గరికి రాగానే మాటలు ఆపేసి, చెరొకరూ తమ రంగు గుంపులో కలిసిపోయేవాళ్లు. మీ అమ్మ ట్యూషన్‌కి కట్టినంత డబ్బు ఆ ఇంట్లో ఉందో లేదో నాకు తెలియదు.

రిజల్ట్ ఏదైనా సరే, ముందు చిన్న తాతయ్యకు ఫోన్ చెయ్యి తల్లీ. రోజూ రెండుసార్లు వచ్చి అడుగుతున్నాడు.

మీ తాతయ్య