బండి మారింది, సరుకు మారిందా?

1983లో రిచర్డ్ క్లార్క్ అనే అమెరికన్ విద్యా పరిశోధకుడు ఓ సమీక్షా వ్యాసంలో చాలామందికి మింగుడుపడని మాట రాశాడు. రేడియో అయినా, టీవీ అయినా, కంప్యూటర్ అయినా పాఠాన్ని మోసుకొచ్చే బండి మాత్రమేనని, ఇంటికి సరుకులు తెచ్చిన లారీ వల్ల ఒంటికి బలం రానట్టే పాఠం తెచ్చిన యంత్రం వల్ల చదువు రాదని దాని సారం. ఎక్కడైనా ఫలితం మెరుగ్గా కనిపిస్తే, అక్కడ మారింది యంత్రం కాదు, బోధన పద్ధతి అన్నాడు. రాబర్ట్ కోజ్మా అనే మరో పరిశోధకుడు దీన్ని ఒప్పుకోలేదు. ఒక్కో మాధ్యమానికి ఒక్కో శక్తి ఉంటుందని, దాన్ని సరిగ్గా వాడుకుంటే నేర్చుకునే తీరే మారుతుందని 1991లో జవాబిచ్చాడు. తర్వాత కూడా కొన్నేళ్లపాటు పత్రికల్లో ఈ వాదన నడిచింది.

ఇప్పటికీ అదే నడుస్తోంది, కాకపోతే పేర్లు మారాయి. వీడియో పాఠాలు కొందామా, ఏఐ ట్యూటర్ పెడదామా అని విశ్వవిద్యాలయాల కమిటీలు కూర్చున్నప్పుడల్లా ఒక మూల క్లార్క్, మరో మూల కోజ్మా కూర్చున్నట్టే ఉంటుంది. ఆ తగవు మూలం తెలియాలంటే మైక్రోచిప్ కంటే చాలా వెనక్కి వెళ్లాలి.

లెక్చర్ అనే మాటకు లాటిన్ మూలంలో అర్థం 'చదవడం'. యూరప్‌లో తొలి విశ్వవిద్యాలయాలు పుట్టినప్పుడు పుస్తకాలన్నీ చేతిరాత ప్రతులే, వాటి ఖరీదు చుక్కల్లో ఉండేది. గురువు దగ్గరున్న ప్రతిని పైకి చదివి వ్యాఖ్యానిస్తుంటే విద్యార్థులు రాసుకునేవారు. పదిహేనో శతాబ్దంలో అచ్చుయంత్రం వచ్చాక ఆ పని అవసరమే తీరిపోవాలి. తీరలేదు. పుస్తకం ప్రతి విద్యార్థి చేతికీ వచ్చినా ఒకరు చదవడం, మిగతావారు రాసుకోవడం ఆగలేదు. తర్వాత వచ్చిన యంత్రాలన్నిటికీ జరగబోయేది అక్కడే కనిపించింది.

ఇరవయ్యో శతాబ్దంలో ప్రయత్నాలు రెండు పాయలుగా సాగాయి. ఒకటి, పాఠాన్ని దూరం పంపడం. రెండోది, విద్యార్థి చేత ఏదో ఒకటి చేయించడం. ఈ రెండో పాయకు ఆద్యుడనదగ్గ వాడు ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో మనస్తత్వశాస్త్రం చెప్పిన సిడ్నీ ప్రెస్సీ. 1920లలో ఆయన చేసిన పెట్టెలో ఒక ప్రశ్న, దాని ఎదురుగా జవాబుల మీటలు ఉండేవి. సరైన మీట నొక్కేదాకా పెట్టె తరవాతి ప్రశ్నకు కదలదు. కొనేవాళ్లు లేక అది మూలపడింది. 1950లలో హార్వర్డ్‌లో బి.ఎఫ్. స్కిన్నర్ అదే దారిలో బోధన యంత్రాలు చేశాడు. చిన్నచిన్న మెట్లు, ప్రతి మెట్టుకూ వెంటనే తప్పొప్పులు. నాలుగు జవాబులు చూపించి ఒకటి ఎంచుకోమనడం ఆయనకు నచ్చలేదు, విద్యార్థే జవాబు రాయాలన్నాడు. ఇవాళ్టి ఆన్‌లైన్ క్విజ్‌లు చాలావరకు స్కిన్నర్ బాటలో కాక ప్రెస్సీ బాటలోనే ఉన్నాయి. దిద్దడానికి అవే సులువు మరి.

మొదటి పాయది వేరే కథ. 1926లోనే బీబీసీలో పనిచేసే జె.సి. స్టోబార్ట్ 'రేడియో విశ్వవిద్యాలయం' గురించి ప్రతిపాదన రాశాడు. 1953లో హ్యూస్టన్ విశ్వవిద్యాలయం టీవీ కేంద్రం మొదలెట్టి కోర్సులు ప్రసారం చేసింది. 1957లో న్యూయార్క్ యూనివర్సిటీ, సీబీఎస్ కలిసి తెల్లవారుజామున 'సన్‌రైజ్ సెమిస్టర్' పేరుతో పాఠాలు వేశాయి. అలారం పెట్టుకుని లేచి సాహిత్య పాఠం చూసినవాళ్లు ఉన్నారంటే నాకు ముచ్చటగానే ఉంటుంది. అయినా జరిగిందేమిటి? ఒక ప్రొఫెసరు కెమెరా ముందు నిలబడి, హాల్లో చెప్పేదే చెప్పాడు.

ఈ పాయలో అసలైన మలుపు బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ. 1963లో లేబర్ పార్టీ నేత హెరాల్డ్ విల్సన్ 'గాలిలో విశ్వవిద్యాలయం' కావాలని, అంటే రేడియో, టీవీల మీదుగా చదువు చెప్పాలని ప్రసంగించాడు. మంత్రిగా జెన్నీ లీ పట్టుబట్టి దానికి రూపం ఇచ్చింది. 1969లో రాజముద్రతో చార్టర్ వచ్చింది, 1971 జనవరిలో చదువులు మొదలయ్యాయి. పాత డిగ్రీలు, మార్కులు అడగకుండా చేర్చుకున్నారు. దాన్ని టీవీ యూనివర్సిటీగానే జనం గుర్తుపెట్టుకున్నారు గానీ, చదువు బరువంతా మోసింది పోస్టాఫీసే. జాగ్రత్తగా రాసిన పాఠ్యపుస్తకాలు, ఇంట్లో ప్రయోగాలు చేసుకునే కిట్లు, ఎండాకాలంలో క్యాంపస్ శిబిరాలు ఉండేవి. అన్నిటికంటే ముఖ్యంగా, విద్యార్థి రాసి పంపిన వ్యాసాన్ని ఒక ట్యూటర్ చదివి అంచుల్లో వ్యాఖ్యలు రాసి తిప్పి పంపేవాడు. 2006 డిసెంబరులో అర్ధరాత్రి టీవీ పాఠాల ప్రసారం ఆగిపోయింది. యూనివర్సిటీ మాత్రం నిక్షేపంగా నడుస్తోంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో జరిగింది. 1960లో డొనాల్డ్ బిట్జర్ అనే ఇంజినీరు అక్కడి ఇలియాక్ కంప్యూటర్‌కు ఒక టీవీ తెర, కొన్ని మీటలు తగిలించి 'ప్లేటో' అనే బోధన వ్యవస్థకు శ్రీకారం చుట్టాడు. మొదట్లో ఒకసారికి ఒక్క విద్యార్థే వాడగలిగేవాడు. 1972లో వచ్చిన నాలుగో ప్లేటో నాటికి వందల టెర్మినళ్లు, అంటే తెర, మీటలు ఉండే పరికరాలు, ఒకే కంప్యూటర్‌కు వేలాడే స్థితికి వచ్చింది.

ఆ టెర్మినల్ ముందు కూర్చున్నవాడికి కనిపించేది నారింజ రంగులో వెలిగే చదునైన ప్లాస్మా తెర. ఆ తెరను బిట్జర్, ఆయన సహచరులు 1964లో ఈ వ్యవస్థ కోసమే కనిపెట్టారు. తరవాత గోడలకెక్కిన ప్లాస్మా టీవీల వంశవృక్షానికి వేరు ఇక్కడే ఉంది. తెర మీద అడ్డంగా పదహారు, నిలువుగా పదహారు గళ్లు. అంచుల నుంచి కంటికి కనబడని పరారుణ కిరణాలు ఆ గళ్ల మీదుగా సాగేవి. వేలు పెడితే కిరణం తెగేది, ఏ గడిలో పెట్టారో యంత్రానికి తెలిసేది. జన్యుశాస్త్రం చదివేవాళ్లు తెర మీద పండ్ల ఈగలను జతకట్టించి, పుట్టిన పిల్లల లక్షణాలు లెక్కపెట్టుకుని, ఏది ఎలా సంక్రమిస్తోందో తామే తేల్చుకోవాలి. పుస్తకంలో అది రెండు పంక్తుల సూత్రం. ఇక్కడ అరగంట తంటాలు. కోజ్మా మాటకు బలం దొరికేది ఇలాంటి చోటే.

1973లో ఇంకో విచిత్రం జరిగింది. డేవిడ్ వూలీ అనే పదిహేడేళ్ల కుర్రాడు, వ్యవస్థలో లోపాలు రాసి పెట్టుకోవడానికని 'ప్లేటో నోట్స్' అనే ప్రోగ్రామ్ రాశాడు. జనం దాంట్లో లోపాలతో ఆగలేదు. ప్రశ్నలు, జవాబులు, కబుర్లు, తగాదాలు అన్నీ మొదలయ్యాయి. విద్యార్థికీ యంత్రానికీ మధ్య సంభాషణ కోసం కట్టిన చోట విద్యార్థులు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. కట్టినవాళ్ల పథకంలో లేని ఈ పనే తరవాతి తరాలకు మిగిలింది. 1976లో కంట్రోల్ డేటా కార్పొరేషన్ ప్లేటోను వ్యాపారంగా చేపట్టి చాలా డబ్బు పోసింది. ఆశించిన రాబడి రాలేదు. పెద్ద కంప్యూటర్ అద్దె, టెర్మినల్ ఖరీదు, ఒక్క గంట పాఠం రాయడానికి పట్టే రోజులు కలిసి దాన్ని భారం చేశాయి, ఇంతలో చిన్న కంప్యూటర్లు వచ్చేశాయి.

మాట్లాడుకోవడమే పాఠం కావచ్చని న్యూజెర్సీలో ముర్రే టురోఫ్, స్టార్ రాక్సాన్ హిల్ట్జ్ ముందే పట్టుకున్నారు. 1970లలో కట్టిన కంప్యూటర్ కాన్ఫరెన్సింగ్ వ్యవస్థ (కంప్యూటర్ల మీద రాతలో చర్చించుకునే ఏర్పాటు) మీద తరవాతి దశాబ్దంలో 'వర్చువల్ క్లాస్‌రూమ్' నడిపారు. 1986లో టొరంటోలో లిండా హారాసిమ్ పూర్తిగా ఆన్‌లైన్‌లో విశ్వవిద్యాలయ కోర్సు చెప్పింది. అందరూ ఒకే సమయానికి ఉండనక్కరలేదు, ఎవరికి వీలైనప్పుడు వాళ్లు రాస్తారు, కాబట్టి తరగతిలో నోరు విప్పని పిల్లలు కూడా ఇక్కడ రాస్తారు. ఆ అనుభవాన్ని వెబ్ కాలం సగమే అందుకుంది.

1990ల మధ్యలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ముర్రే గోల్డ్‌బర్గ్ వెబ్‌లో కోర్సులు నడిపే వెబ్‌సీటీ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేశాడు. 1997లో అలాంటిదే అమ్మే బ్లాక్‌బోర్డ్ సంస్థ పుట్టింది, 2006లో వెబ్‌సీటీని మింగేసింది. మార్టిన్ డూగియామస్ ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి 2002లో అదే పని చేసే మూడుల్ మొదటి వెర్షన్ విడుదల చేశాడు, అదీ ఉచితంగా. వీటిలో చర్చా వేదికలు, వికీలు, పరస్పర మూల్యాంకనం అన్నీ ఉన్నాయి. వాడేదేమిటంటే ఎక్కువచోట్ల స్లైడ్‌లు ఎక్కించే అర, అసైన్‌మెంట్ వేసే పెట్టె. ఓపెన్ చేస్తే 'వారం 1', 'వారం 2', వాటి కింద పీడీఎఫ్‌ల వరస. అధ్యాపకుల మీద నెపం వేయడం తేలిక. కానీ నాలుగు సెక్షన్లకు పాఠాలు చెప్పి, పరిశోధన పత్రాలకే ప్రమోషన్ వచ్చే చోట, చర్చను నడిపే ఓపికకు గంటలు ఎవరిస్తారు?

అదే కాలంలో మరో భయం పుట్టింది. 1997లో లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (యూసీఎల్ఏ) ప్రతి ఆర్ట్స్, సైన్స్ కోర్సుకూ వెబ్‌సైట్ ఉండాల్సిందేనంది. అదే ఏడాది టొరంటోలోని యార్క్ యూనివర్సిటీ అధ్యాపకులు దాదాపు రెండు నెలలు సమ్మె చేశారు, ఆ కోరికల్లో బోధనలో టెక్నాలజీని బలవంతంగా రుద్దకుండా రక్షణ కూడా ఒకటి. అక్కడే పనిచేసిన చరిత్రకారుడు డేవిడ్ నోబుల్, పాఠాన్ని రికార్డు చేసి సరుకుగా మారిస్తే ఆ తర్వాత మనిషి ఎందుకు అని అడిగాడు. ఎంఐటీ 2001లో సరిగ్గా ఎదురు దారి పట్టింది. కోర్సు సామగ్రి అమ్మకుండా అందరికీ ఉచితంగా పెడతామంది. సామగ్రి ఇస్తున్నాం, చదువు కాదు అని అప్పుడే స్పష్టంగా చెప్పింది కూడా.

ఆ తేడాను చాలామంది మరిచిపోయిన ఏడాది 2012. అంతకు ముందు ఏడాది స్టాన్‌ఫర్డ్‌లో సెబాస్టియన్ థ్రన్, పీటర్ నోర్విగ్ పెట్టిన కృత్రిమ మేధ కోర్సుకు దాదాపు 1,60,000 మంది పేర్లిచ్చారు. ఆ ఊపులో మూక్‌లు, అంటే లక్షలమంది ఒకేసారి చేరగల ఆన్‌లైన్ కోర్సులు, నడిపే యుడాసిటీ, కోర్సెరా, ఎడెక్స్ పుట్టుకొచ్చాయి. ఎడెక్స్ వేదికపై ఎంఐటీ మొదటి సర్క్యూట్ల కోర్సులో చేరింది 1,55,000 మంది దాకా, సర్టిఫికెట్ అందుకుంది 7,157 మంది. 2013లో శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీ యుడాసిటీతో గణితం కోర్సులు నడిపితే క్యాంపస్‌లో చదివినవారి కంటే పాసైనవారు తక్కువ తేలారు, ప్రయోగం ఆపేశారు. అప్పటికే చదువుకోవడం వచ్చినవాళ్లకు మూక్‌లు బాగా పనికొచ్చాయి. చెయ్యి పట్టుకుని నడిపించాల్సినవాళ్లు మధ్యలోనే రాలిపోయారు.

ఇదంతా జరుగుతుండగా ఒక ఫిజిక్స్ తరగతి గదిలో చప్పుడు లేకుండా మరో పని జరిగింది. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ చెప్పే పాఠాలకు విద్యార్థులు మంచి మార్కులే వేసేవారు. 1990 ప్రాంతంలో ఆయన వాళ్లకు బలం, చలనం గురించి లెక్కల్లేని మామూలు ప్రశ్నల పరీక్ష పెట్టాడు. ఓ విద్యార్థిని లేచి, మీరు చెప్పినట్టు రాయాలా, నేను మామూలుగా అనుకునేట్టు రాయాలా అని అడిగిందని ఆయనే చెప్పుకున్నాడు. ఆ తర్వాత పద్ధతి మార్చాడు. పాఠం మధ్యలో ఒక ప్రశ్న, అందరూ ఓటు వేయాలి, పక్కవాడిని ఒప్పించడానికి రెండు నిమిషాలు వాదించాలి, మళ్లీ ఓటు. మొదట చేతులెత్తించాడు, ఆ తర్వాత అక్షరాల అట్టలు, ఆ పైన క్లిక్కర్ అనే చేతి పరికరం వచ్చింది. 2008లో నతానియెల్ లాస్రీ అట్టలతో, క్లిక్కర్‌తో నడిచిన తరగతులను పోల్చి చూస్తే నేర్చుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. లెక్కలు నిల్వ చేయడానికి, సిగ్గుపడేవాడి ఓటు దాచడానికి క్లిక్కర్ మేలు. నేర్పింది మాత్రం ఆ రెండు నిమిషాల వాదన.

2020లో ప్రపంచమంతా ఒక్కసారిగా తెర ముందుకొచ్చింది. నల్లని గళ్లు, గళ్లలో పేర్లు, "సార్, మ్యూట్‌లో ఉన్నారు" అన్న మాట. ఆ మార్చిలోనే కొందరు పరిశోధకులు దీన్ని ఆన్‌లైన్ విద్య అనొద్దని, 'అత్యవసర దూర బోధన' అనమని రాశారు. నెలల తరబడి రూపకల్పన చేసిన కోర్సునూ వారాంతంలో సర్దిన పాఠాన్నీ ఒకే గాట కట్టొద్దన్నది వాళ్ల మాట. ఆ హెచ్చరికను పెద్దగా ఎవరూ చెవికెక్కించుకోలేదు.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది. అప్పటిదాకా యంత్రాలు పాఠాన్ని మోశాయి, ఇది విద్యార్థి రాయాల్సిన వ్యాసాన్నే మోసుకొచ్చింది. ఏఐ రాతను పట్టుకోవడానికి ఓపెన్‌ఏఐ తానే ఒక సాధనం విడుదల చేసి, సరిగ్గా పట్టడం లేదని 2023 జూలైలో వెనక్కి తీసుకుంది. మరోవైపు, ఒక్కొక్కరికీ విడిగా చెబితే మామూలు తరగతి కంటే ఎంతో ముందుంటారని 1984లో విద్యా పరిశోధకుడు బెంజమిన్ బ్లూమ్ చూపిన ఫలితాన్ని ఏఐ ట్యూటర్ అమ్మేవాళ్లు గుర్తుచేస్తున్నారు. ఇంతలో కొన్ని విభాగాలు ఇంటిదగ్గర రాసే వ్యాసాన్ని పక్కనపెట్టి మౌఖిక పరీక్షకు మళ్లాయి. చేతిరాత ప్రతుల కాలంలో పట్టాలిచ్చే ముందు పెట్టింది ఆ పరీక్షే. విద్యార్థి ఎదురుగా కూర్చుంటాడు. అధ్యాపకుడు అతను సమర్పించిన కాగితం తిప్పి, ఒక వాక్యం మీద వేలు పెట్టి, ఇక్కడ ఇలా ఎందుకు అన్నావు అని అడిగి, జవాబు కోసం ఆగుతాడు.